దానమ్మ ఖాళీగా ఉంచిన హాలు

సరుగుళ్లపేట తుఫాను షెల్టరు తాళంచెవి దానమ్మ మొలకు ఉంటుంది. గోడకు తగిలించదు, పెట్టెలో దాచదు. నల్లతాడుకు కట్టి నడుముకు చుట్టుకుంటుంది. ఎండుచేపల గంపతో నరసన్నపేట సంతకు వెళ్లినా, ఒడ్డున వలల దగ్గర కూర్చున్నా, చుట్టాల పెళ్లికి వెళ్లినా అది ఆమెతోనే వెళ్తుంది. ఆ పనికి జీతం లేదు, పదవీ లేదు. అయినా దాన్ని ఆమె దగ్గర్నుంచి తీసుకోవాలని ఊరు, ఇవ్వకూడదని ఆమె, ఏళ్ల తరబడి పంతం పట్టి ఉన్నారు. ఈసారి దసరాకి ఆ పంతం తీర్మానాల పుస్తకం దాకా వచ్చింది. ఆ పుస్తకం రాసేదాన్ని నేను.

నా పేరు ప్రిస్కిల్లా. పంచాయతీ సెక్రటరీని. సరుగుళ్లపేట, దాని పక్కన మా నాన్న ఉండే బేతేలుపేట, కొబ్బరితోటల అవతల ఇంకో చిన్న ఊరు, మూడూ ఒకే పంచాయతీ. సరుగుళ్లపేటలో అందరూ సముద్రాన్ని నమ్ముకుని బతికే హిందువులు. బేతేలుపేటలో అందరం బాప్టిస్టు సంఘం వాళ్లం. సొంత ఊరున్న పంచాయతీలో మామూలుగా పోస్టింగు ఇవ్వరు. అక్కడి సెక్రటరీ సెలవు పెట్టి వెళ్లిపోతే కొన్నాళ్లపాటు చూడమని నా నెత్తిన పెట్టారు.

వెళ్లిన మూడో రోజే దానమ్మతో నాకు తగువైంది. షెల్టరులో కంటి వైద్య శిబిరం పెట్టాం. ఆ షెల్టరు స్తంభాల మీద కట్టిన మేడ. ఉప్పెన వస్తే నీళ్లు కింద నుంచి పోవాలని కింద గోడలు కట్టలేదు. మెట్లెక్కితే ఒక వరండా, వరండా వెనుక పెద్ద హాలు. ఆ హాలు గుమ్మం మీద బ్యానరు కట్టిస్తుంటే దానమ్మ వచ్చి తల పైకెత్తి చూసింది. ఆమెకు చదువు రాదు. బొమ్మలు మాత్రం వదలదు.

"పైన ఆ మూలకి అదేటి?" అంది.

నేనూ అప్పుడే చూశాను. ప్రింటింగు ప్రెస్సు వాడు అలవాటుకొద్దీ చిన్న వినాయకుణ్ణి వేసేశాడు.

"వాళ్లు అన్నిటికీ అలాగే వేస్తారమ్మా. ఏం కాదులే" అన్నాను.

"మడత పెట్టు."

"ఇంత చిన్న బొమ్మకా?"

"సిన్నదైనా పెద్దదైనా ఇక్కడొద్దు. వినాయకుడికి నేనేటీ పగదాన్ని కాను. మా ఇంట్లోనూ ఉన్నాడు, పొద్దున్న దండం ఎట్టే ఒచ్చినాను. ఈ గదిలో మాత్తరం ఒద్దు. మడత పెడతావా, తాళం ఏసీమంటావా?"

డాక్టరుగారు చూస్తున్నారు. నలభై మంది ముసలివాళ్లు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. నేను బ్యానరు పైభాగాన్ని వెనక్కి మడిచి గుండుసూదులు గుచ్చాను. ఒళ్లు మండిపోయింది. డిగ్రీ చదివి, పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకుంది ఈవిడ చేత చీవాట్లు తినడానికా అనుకున్నాను.

ఆ తర్వాత ఆమె గురించి ఆరా తీస్తే తెలిసింది, నాకంటే పెద్ద పెద్దవాళ్లే ఆమె నోటికి జడిసి ఉన్నారని.

దానమ్మ పదహారో ఏట గంగరాజును కట్టుకుని ఈ ఊరు వచ్చింది. ఇక్కడి మగాళ్లలో సగం మందిలాగే గంగరాజు కూడా ఏడాదిలో ఎనిమిది నెలలు గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీద కూలికి వెళ్లేవాడు. అక్కడే కామెర్లు వచ్చి పోయాడు. ఆఖరి చూపు కూడా ఈమెకు దక్కలేదు. కొడుకు ఈశ్వర్‌కి అప్పటికి నాలుగేళ్లు. ఎండుచేపలు నెత్తిన పెట్టుకుని సంతలకు తిరిగి వాణ్ణి పెంచింది. ఒకసారి కంపు కొడుతోందని బస్సు కండక్టరు గంప దించేయమన్నాడట. దానమ్మ గంప దించలేదు, తానూ దిగలేదు. "ఈ బస్సు నీదా, నీ బాబుదా? గవర్నమెంటుది కదా. గవర్నమెంటు అంటే నేను కూడాను. నీ ముక్కు నీది, కావాలంటే మూసుకో" అని డ్రైవరు వెనక సీట్లోనే కూర్చుని నరసన్నపేట దాకా వెళ్లిందట. ఆ తర్వాత ఆ కండక్టరే ఆమెకు చెయ్యందించి గంప ఎక్కించేవాడని మా నాన్న నవ్వుతూ చెప్పాడు.

ఈశ్వర్ కూడా తండ్రి దారినే వేరావల్ పడ్డాడు. వాడి పెళ్లాం అరుణశ్రీకి పుట్టింటి వాళ్లంటూ ఎవరూ లేరు. అందుకని తొలికానుపు అత్తగారింట్లోనే జరిగింది. మగపిల్లాడు పుట్టాడు. వాడికి తొమ్మిదో రోజున తిత్లీ తుఫాను వచ్చింది. ఊరంతా షెల్టరుకు చేరారు. గాలి వెలిసిన రెండో రోజున పిల్లాడు పోయాడు. "గాలికి పోయాడు" అంది ఊరు. అంతకుమించి ఎవరూ ఏమీ చెప్పరు. నేను అప్పుడు ఎచ్చెర్ల యూనివర్సిటీ హాస్టల్లో ఉన్నాను, నాకూ అంతే తెలుసు.

ఆ ఏడాది తిరక్కుండానే దానమ్మ పంచాయతీకి వెళ్లి షెల్టరు తాళంచెవి తనకు ఇమ్మని అడిగింది. ఊడ్చే పని కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేదు. ఇచ్చాకే తెలిసింది ఎవరి చేతికి ఇచ్చారో. ఆ హాల్లో ఆమె ఒక దేవుడి క్యాలెండరు కూడా ఉండనివ్వలేదు. వినాయక చవితికి అడిగితే లేదంది. దసరాకి లేదంది. క్రిస్మసుకి మా బేతేలుపేట వాళ్లు నక్షత్రం కడతామంటే మెట్ల మీద అడ్డంగా కూర్చుంది. కారణం చెప్పమంటే "నా ఇష్టం" అనేది.

అరుణశ్రీ ఆ ఇంట్లోనే ఉంటుంది. వంట చేస్తుంది, వడ్డిస్తుంది, అత్తగారితో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడదు. తొలిచూలు పోయాక ఏళ్ల పాటు కడుపు పండలేదు. ఇన్నాళ్లకు మళ్లీ ఆమెకు నెలలు నిండాయి. నర్సు ఇచ్చిన తేదీ సరిగ్గా దసరా రోజుల్లో పడింది. ఈశ్వర్ వేరావల్‌లో ఉన్నాడు. ఈసారి కూడా ఆ ఇంట్లో మగదిక్కు లేదు, వేళా అదే, సముద్రం కూడా అదే.

భాద్రపదం వెళ్లకముందే దాలయ్య నా దగ్గరికి వచ్చాడు. ఆయన సరుగుళ్లపేట పెద్ద. రెండు బోట్లున్న మనిషి, మాట నెమ్మది. వెంట దసరా కమిటీ వాళ్లు నలుగురు వచ్చారు.

"ప్రెతీ ఏడూ ఇసకలో పందిరి ఏత్తన్నామమ్మా. పోయినేడు గాలికి టార్పాలిన్ ఎగిరిపోనాది. అమ్మోరు మూడు రోజులు తడిసినాది. మేడ మీద హాలుంది, కరెంటుంది, ఫ్యాన్లున్నాయి. ఖాళీగా పడున్నాది. తొమ్మిది రోజులు ఇస్తే సాలు" అన్నాడు.

"అది ప్రభుత్వ కట్టడం కదా" అన్నాను.

"పెబుత్వం అంటే ఎవులమ్మా? మనమే కదా. అందరిదీ అన్నపుడు మాది కూడా అవ్వాల కదా?"

 అడ్డు చెప్పే ధైర్యం నాకు లేదు. నేను కాదంటే మర్నాడు ఊళ్లో ఏమంటారో నాకు తెలుసు. సెక్రటరీ అడ్డుపడిందనరు. కిరస్తానీది అడ్డుపడిందంటారు. అందుకని ఆఫీసులో అందరూ నేర్పిన పని చేశాను. గ్రామసభ పెట్టుకోండి, సభ ఒప్పుకుంటే తీర్మానం రాస్తాను, దానమ్మ తాళం ఇచ్చేస్తుంది అన్నాను. తప్పు సభ మీదికి నెట్టేసి చేతులు దులుపుకున్నాను.

ఆ ఆదివారం ఇంటికి వెళ్తే మా నాన్న జ్ఞానానందం మేస్టారు భోజనం దగ్గర ఆ సంగతే ఎత్తాడు. ఆయన ముప్పై ఏళ్లు బడిలో పాఠం చెప్పి రిటైరయ్యాడు, మా సంఘానికి పెద్ద.

"వాళ్లకి ఇచ్చెయ్యమ్మా" అన్నాడు.

నేను ముద్ద ఆపేశాను. "మీరేనా నాన్నా ఈ మాట అనేది?"

"ఇప్పుడు వాళ్లకిస్తే, డిసెంబర్లో మనం అడగడానికి నోరుంటుంది. సెమీ క్రిస్మసు ఆ హాల్లో పెడదాం. వేదిక మీద పశువుల పాక, బాలయేసు, గుమ్మానికి పెద్ద నక్షత్రం. పై నుంచి పెద్దవాళ్లను పిలవచ్చు. మన చర్చిలో వందమంది పట్టరు. అన్ని మతాలకీ సమానంగా ఇచ్చారని నీకూ మంచి పేరొస్తుంది."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా సంఘం ఏ రాజు దగ్గరా చెయ్యి చాపలేదని, ఏ సర్కారు గుమ్మం ముందూ నిలబడలేదని నా చిన్నప్పటి నుంచీ ప్రతి వార్షికోత్సవానికీ గొంతు చించుకుని చెప్పింది ఈయనే. నాలుగు ఫ్యాన్లున్న హాలు కనిపించేసరికి అదంతా ఏమైపోయిందో! కానీ సమానం అన్న మాట బాగానే ఉందనిపించింది నాకు. ఇద్దరికీ ఇస్తే ఎవరూ నన్నేమీ అనరు.

మర్నాడు దానమ్మ ఇంటికి వెళ్లాను. ఎండబెట్టిన కవ్వళ్ల చేపలు తిరగేస్తోంది. విషయం మెల్లగా చెప్పాను. దసరాకి వాళ్లు, క్రిస్మసుకి వీళ్లు, గొడవ లేకుండా పంచుకుంటారు అన్నాను.

"పంచుకుంటారా? అది కొబ్బరిచెక్కా పంచుకోడానికి?" అంది తల ఎత్తకుండానే.

"సభ తీర్మానం చేస్తే తాళం ఇవ్వాల్సి వస్తుంది అమ్మా."

"సెయ్యనీ. సభకి నేనూ వస్తాను. నాకూ నోరున్నాది."

గుమ్మంలో అరుణశ్రీ నిలబడి ఉంది, నిండు కడుపు మీద చెయ్యి వేసుకుని. నాకు మంచినీళ్లు ఇచ్చింది. దానమ్మ వైపు చూడలేదు.

సభ షెల్టరు కిందే, స్తంభాల మధ్య పెట్టాం. మూడు ఊళ్ల నుంచీ రెండు వందల మంది వచ్చారు. దాలయ్య లేచి విషయం చెప్పాడు. మా నాన్న లేచి, బేతేలుపేటకు అభ్యంతరం లేదని, డిసెంబర్లో తమకూ అదే మర్యాద దక్కాలని చెప్పాడు. చప్పట్లు కొట్టారు. ఇంత సఖ్యత ఆ పంచాయతీలో ఎప్పుడూ చూడలేదని ఎవరో అన్నారు. నేను పెన్ను మూత తీశాను.

దానమ్మ ముందుకొచ్చి బల్ల పక్కన నిలబడింది.

"దాలయ్యా, తిత్లీ నాడు పైన హాల్లో ఎవులున్నారు?"

"అందరం ఉన్నాం కదొదినా."

"అందరం అంటే? మా కోడలున్నాదా?"

దాలయ్య తల తిప్పుకున్నాడు.

"ఆయేడు ఆ హాల్లోనే అమ్మోరిని ఎట్టినారు. ఇప్పుడు అడుగుతున్నట్టే అప్పుడూ అడిగి ఎట్టినారు. నేనూ పసుపూ కుంకం అట్టుకెల్లినాను. రెండో రోజుకి గాలొచ్చింది. మా కోడలు తొమ్మిది రోజుల పురిటాలు. సంకన గుంటడు. మెట్లెక్కి గుమ్మం దాకా ఒచ్చింది. లోన అమ్మోరున్నాది, దీపం ఎలుగుతున్నాది. పీఠం ఎక్కించిన అమ్మోరిని మద్దిలో కదపకూడదు. మరి గుమ్మం కాడ సెయ్యడ్డం ఎట్టి దాన్ని ఆపింది ఎవులు? దాలయ్య కాదు. కమిటీవోళ్లు కాదు. నేను."

 నేను పెన్ను మూత పెట్టేశాను.

"పురుడు అమ్మోరికి అంటుతాది, ఊరికి అరిష్టం, వరండాలో కూకో అన్నాను. నేనే సాపేసినాను. నేనే టార్పాలిన్ కప్పి పక్కన కూకున్నాను. ముందు గాలి గోడ ఎనకనించి కొట్టింది, పర్వానేదు. తెల్లారగట్ల తిరిగిపోనాది. ఆ వాన తిన్నగా వరండాలోకే. గుంటడు నీలంగా అయిపోనాడు. రోడ్డుకి అడ్డంగా సెట్లు పడిపోయి రెండ్రోజులు అంబులెన్సు రానేదు. లోన వందమంది ఉన్నారు. తలుపు సందులోంచి సూసినారు, అయ్యో అన్నారు. ఒక్కరంటే ఒక్కరు దాన్ని లోనికి లాక్కెల్లినారా? నేదు. నాకున్న బయమే మీకూను. అమ్మోరు ఒద్దన్నాదా? అమ్మోరు ఏటీ అననేదు. అంతా మనమే అనీసుకున్నాం."

ఆడవాళ్లలో ఎవరో ఏడుస్తున్నారు. దానమ్మ వాళ్ల వైపు తిరగలేదు. మా నాన్న వైపు తిరిగింది.

"మేస్టారూ, మీరెక్కడున్నారు ఆయేల?"

నాన్న లేచాడు. డెబ్బై ఏళ్ల మనిషి, బడిపిల్లాడిలా చేతులు కట్టుకున్నాడు. "ఇక్కడే. కింద" అన్నాడు.

"ఈ స్తంబాల కాడే. మీ పేటోళ్లు ముప్పై మంది, ముసిలోళ్లు, గుంటలు, తడిసిపోయి వణికిపోతా పాటలు పాడినారు. పైకి రండి అని దాలయ్య పిలిసినాడు. నేను ఇన్నాను. విగ్రహం ఉన్న గదిలోకి మేం రాం అన్నారు మీరు. మిమ్మల్ని ఎవులాపినారు?"

"ఎవరూ ఆపలేదు" అన్నాడు నాన్న. ఆ సంగతి ఆయన మా ఇంట్లో ఒక్కసారి కూడా చెప్పలేదు. దేవుడు మమ్మల్ని ఆ కష్టంలో కాపాడాడని సాక్ష్యం చెప్పేవాడు, ఎక్కడ నిలబెట్టి కాపాడాడో చెప్పేవాడు కాదు.

"రేపు మీ నచ్చత్రం కట్టినా ఇంతే. అప్పుడు మావోళ్లు మెట్ల మీద నిలబడిపోతారు. ఎవులూ ఆపక్కర్లేదు. ఆళ్లే ఆగిపోతారు. మనం అలాటోళ్లం. అందుకే ఆ గది ఖాళీగా ఉండాల. ఖాళీగా ఉంటే ఎవులికీ ఆగడానికి సాకుండదు."

కమిటీలో ఒకాయన లేచి గట్టిగా అన్నాడు: "తుఫాను రోజూ వస్తాదేటి? తొమ్మిది రోజులే కదా అడుగుతున్నాం!"

"ఆయేడూ తొమ్మిది రోజులకే అడిగినారు బాబూ. ఆ తొమ్మిది రోజుల్లోనే ఒచ్చింది. మీ కమిటీని అడిగి ఒచ్చిందా?"

"రాయండి మేడం! ఎక్కువమంది ఎటుంటే అటే!" అని అరిచాడు ఆయన. వెనక నుంచి ఇంకో గొంతు, "కిరస్తానీ సెక్రటరీ ఎందుకు రాస్తాది?" అంది. నేను ఇన్నాళ్లూ భయపడిన మాట అదే. విన్నాక చూసుకుంటే నేను బతికే ఉన్నాను.

దానమ్మ నడుముకున్న నల్లతాడు విప్పింది. తాళంచెవి బల్ల మీద పెట్టి, దాని మీద అరచెయ్యి పెట్టింది.

"రాయి సెక్రటరమ్మా. ఆళ్లడిగినట్టే రాయి. కానీ ఒక్క మాట కూడా కలిపి రాయి. పురిటాళ్లని, మైలొచ్చినోళ్లని, బయట సేరినోళ్లని, మేస్టారి పేటోళ్లని గాలొచ్చినపుడు ఎక్కడ కూకోబెడతారో అది కూడా రాసి సంతకాలెట్టమను. అప్పుడు సెయ్యి తీత్తాను."

నేను రాశాను. కొట్టివేతలు లేకుండా, గుండ్రటి అక్షరాలతో రాసి, లేచి నిలబడి గట్టిగా చదివాను. "షెల్టరు హాలులో అమ్మవారిని నిలిపిన తొమ్మిది రోజుల్లో తుఫాను వచ్చినచో, బాలింతలను, మైలలో ఉన్నవారిని, బయట చేరిన స్త్రీలను, బేతేలుపేట నివాసులను ఫలానా చోట ఉంచుటకు ఈ సభ తీర్మానించడమైనది." ఆ ఫలానా చోటు అన్నది ఖాళీగా వదిలాను. "ఇక్కడ ఏం రాయమంటారు?" అని అడిగాను.

ఇందాక అరిచిన కమిటీ ఆయన కూర్చుండిపోయాడు.

"వరండా అని రాయనా?" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు తెలియదు. కోపంతో వచ్చింది. ఆ ఊరి మీద, మా నాన్న మీద, అందరికంటే ఎక్కువ చేతులు దులుపుకున్న నా మీద. పుస్తకం దాలయ్య వైపు తిప్పి పెన్ను ఇచ్చాను. ఆయన పెన్ను పట్టుకుని ఆ ఖాళీ వైపు చాలాసేపు చూశాడు. జనం వెనకాల అరుణశ్రీ స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. ఆయన ఒకసారి ఆమెకేసి చూసి, పెన్ను కింద పెట్టేశాడు.

"కొట్టీ అమ్మా" అన్నాడు. "పందిరే ఏసుకుంటాం."

కమిటీ వాళ్లు విసురుగా లేచి వెళ్లిపోయారు. తాళంచెవి మళ్లీ దానమ్మ నడుముకే చేరింది. ఆ హాలులో ఏ మతం వారి విగ్రహం, బొమ్మ, నక్షత్రం ఉంచకూడదని నేను వేరే తీర్మానం రాస్తే సంతకాలు సగం కూడా రాలేదు. దాలయ్య పెట్టలేదు. దానమ్మ వేలిముద్ర మొదటిది, మా నాన్న సంతకం రెండోది. ఆ సంతకం పెట్టినందుకు సంఘంలో రెండు వారాలు ఎవరూ ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. కాస్త పడనీ అని నేనూ ఊరుకున్నాను.

దసరాకి ఇసుకలో పందిరి వేశారు. మొదటి రోజున అందరికంటే ముందు కొబ్బరికాయ పట్టుకుని వెళ్లింది దానమ్మే. "అమ్మోరికి నాకూ ఏ తగూ నేదు. తగువంతా మీతోనే" అని కమిటీ వాళ్లకు వినబడేలా అని మరీ కాయ కొట్టింది. అయిదో రోజున అరుణశ్రీకి ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన మర్నాడే వాయుగుండం కబురు వచ్చింది.

విజయదశమి ఉదయానికి గాలి అందుకుంది. తీరం ఊళ్లను ఖాళీ చేయించమని పది గంటలకు ఫోను వస్తే నేను స్కూటీ మీద తడుస్తూ వెళ్లాను. అప్పటికే హాలు తలుపులు తెరిచి ఉన్నాయి. దానమ్మ చాపలు పరిచి, డ్రమ్ముల్లో నీళ్లు నింపి, బేతేలుపేట ముసలివాళ్లను గోడ వారన కూర్చోబెట్టేసింది. మా నాన్న కూడా పైనే ఉన్నాడు, తువ్వాలుతో తల తుడుచుకుంటూ.

అప్పుడే మెట్ల కింద గోల వినిపించింది. పందిరి కూలిపోయింది. దాలయ్య, ఇంకో ఆరుగురు అమ్మవారిని భుజాల మీద మోసుకొచ్చారు. రంగు కారిపోతోంది.

"ఒదినా, ఒక్క పూట. వాన తగ్గేదాకా" అన్నాడు దాలయ్య. ఆయన కళ్లలో నీళ్లో, వానో తెలియలేదు.

దానమ్మ మెట్లు దిగి వెళ్లింది. అమ్మవారి పాదాలు పట్టుకుని నుదురు ఆనించింది. ఏడ్చింది. ఏడుస్తూనే అంది.

"దాలయ్యా, ఇయాల దసరా. ఎలాగూ గంగలో కలిసే తల్లే కదా ఈవిడ. ఆవిడకి తడిస్తే ఏటి? పసిగుంటకి తడిస్తేనే కష్టం. బేగి పూజ సేసి సాగనంపు."

దాలయ్య ఆమె ముఖంలోకి చూశాడు. కాస్త నవ్వినట్టు కూడా అనిపించింది. "నిజమేలే" అని అమ్మవారిని ఒడ్డు వైపు తిప్పించాడు. ఆ వానలోనే డప్పు మోగింది.

అరుణశ్రీని నా రెయిన్‌కోటు కప్పి మెట్లెక్కించాను. పాప ఆమె గుండెలకు అతుక్కుని ఉంది. వరండా దాటాం. గుమ్మం దగ్గర ఆమె ఆగిపోయింది. లోపల ఏ విగ్రహమూ లేదు, దీపం లేదు, బొమ్మ లేదు. వట్టి గోడలు, జనం. అయినా ఆమె కాళ్లు కదల్లేదు. నేను భుజం మీద చెయ్యి వేసినా కదల్లేదు.

లోపల దానమ్మ తూర్పు గోడకు మధ్యన ఒక చాప పరిచింది. ఆ ఏడు అమ్మవారి పీఠం వేసింది సరిగ్గా అక్కడేనని దాలయ్య తర్వాత చెప్పాడు. పరిచి, గుమ్మం దాకా వచ్చి నిలబడింది. "రా" అంది.

అరుణశ్రీ ఆ చాపను చూసింది. అత్తగారిని చూసింది.

"అత్తా, ఆయేల కూడా ఇక్కడ జాగా ఉన్నాది" అంది.

"ఉన్నాదమ్మా" అంది దానమ్మ. "నేనే ఇయ్యనేదు."

అరుణశ్రీ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. పాపను దానమ్మ చేతుల్లో పెట్టి, తడిసిన కొంగు పిండుకోవడానికి కిటికీ దగ్గరికి వెళ్లింది.